లేబుల్ మీద మాటకి రుజువు ఎక్కడుంది? కోనసీమ కొబ్బరి పీచు యూనిట్‌లో ఒక కేస్ స్టడీ

కోనసీమలోని ఒక కొబ్బరి పీచు యూనిట్‌తో కలిసి చేసిన పని గురించి రాస్తున్నాను. యజమాని అనుమతితోనే రాస్తున్నా, యూనిట్ పేరు, ఊరు చెప్పడం లేదు. చిన్న, మధ్య తరహా యూనిట్లకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, లేబుల్ పత్రాలు, కొనుగోలుదారులు అడిగే రికార్డులు సిద్ధం చేసిపెట్టడం నా వృత్తి.

ఈ యూనిట్ చుట్టుపక్కల కొబ్బరికాయల ఒలుపు దగ్గర పోగయ్యే డొక్కలు, అంటే కాయ పైనుండే పీచు తొక్కలు, కొంటుంది. పీచు తీసి, మిగిలిన పొట్టుని కడిగి, కళ్లంలో ఆరబెట్టి, ఐదు కిలోల కోకోపీట్ దిమ్మెలుగా నొక్కుతుంది. పీచుతో మొక్కల కుండీలు, తీగలు పాకడానికి పెట్టే కర్రలు, గిన్నెలు తోముకునే పీచులు చేస్తుంది. సరుకులో పెద్ద భాగం కడియం నర్సరీలకి వెళ్తుంది. మిగతాది హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో మిద్దెతోటలు పెంచేవాళ్లు ఆన్‌లైన్‌లో కొంటారు.

యజమాని నన్ను పిలిచేటప్పటికి ఆయన మీద ఏ ఆరోపణా రాలేదు. ఇలాంటి సరుకే అమ్మే మరో యూనిట్ మీద మిద్దెతోట వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరిగింది. 'ప్లాస్టిక్ రహితం' అని రాసి ఉన్న దిమ్మె చుట్టూ బిగించిన ప్లాస్టిక్ కవరుని ఒకావిడ కత్తెరతో కత్తిరిస్తూ చూపించారు. ఆ యూనిట్ వాళ్లు లాయర్ నోటీసు పంపుతామని ఆమెని బెదిరించారు. దాంతో అప్పటిదాకా వీడియో చూడనివాళ్లు కూడా వెతికి మరీ చూశారు. ఇదంతా గమనించి మా యజమానికి టెన్షన్ మొదలైంది. ఆయన సరుకు చుట్టూ ఉన్నదీ అదే కవరు.

"మనం చేసేది మంచి పనే కదండీ. డొక్క తగలెట్టకుండా సరుకు చేస్తున్నాం. మనల్ని ఎవరేమంటారు?" అని మొదటిరోజు అడిగారు. ఆ ప్రశ్నలో నిజాయితీ ఉంది. ఈ డెల్టాలో డొక్కలు రోడ్డు పక్కన కుప్పలుగా పోసి కాల్చడం చూస్తూనే ఉంటాం. అలాంటి చెత్తని సరుకుగా మార్చే మనిషికి తన పని మంచిదని వేరే రుజువు కావాలనిపించదు. నా అనుభవంలో ఆరోపణ వచ్చినప్పుడు ఎక్కువ తడబడేది ఇలాంటివాళ్లే. మోసం చేసేవాడికి ఎక్కడ దొరికిపోతాడో ముందే తెలుసు కాబట్టి జవాబు వండుకుని ఉంటాడు. మంచి పని చేసేవాడి దగ్గర నమ్మకం ఉంటుంది గానీ కాగితం ఉండదు.

ఏమేం రాశారో ముందు పోగుచేశాం

ముందు చేసిన పని, యూనిట్ పేరుతో బయటికి వెళ్లిన ప్రతి మాటనీ ఒకచోట రాయడం. లేబుల్, వెబ్‌సైట్, ప్రదర్శనల్లో కట్టే ఫ్లెక్సీ, డీలర్ల ఆన్‌లైన్ పేజీలు, చివరికి బిల్లు పుస్తకం మీద అచ్చయిన నినాదం కూడా రాశాం. బిల్లు దాకా ఎందుకని యజమాని కూతురు అడిగింది. ఆన్‌లైన్ అమ్మకాలు చూసేది ఆమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రకటన అంటే టీవీలో వచ్చేదొక్కటే కాదు. లేబుల్, చుట్టిన కవరు, ఇన్‌వాయిస్ కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి.

పోగుచేసిన మాటలు ఇవి: నూరు శాతం ప్రకృతి సహజం, రసాయన రహితం, ఆర్గానిక్, ప్లాస్టిక్ రహితం, 90 రోజుల్లో మట్టిలో కలుస్తుంది, కార్బన్ న్యూట్రల్, సోలార్‌తో తయారీ, పీట్ నేలల్ని కాపాడుతుంది. వీటి పక్కన ఆకు బొమ్మతో 'ఎకో సర్టిఫైడ్' అని ఒక గుండ్రటి ముద్ర.

ఆ ముద్ర ఎవరిచ్చారని అడిగాను. ఎవరూ ఇవ్వలేదు. లేబుల్ డిజైన్ చేసిన ప్రింటింగ్ ప్రెస్ కుర్రాడు ఖాళీ జాగా కనపడితే కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ పెట్టాడు. యజమాని దాన్ని అలంకారం అనుకున్నారు. అన్నిటికంటే ముందు తీయించింది దాన్నే. లేబుల్‌కి పచ్చరంగు వేసుకోవడాన్నీ, మోసం చెయ్యని మామూలు బొమ్మల్నీ చట్టం తప్పుపట్టదు. ఎవరో పరీక్షించి ఇచ్చినట్టు కనిపించే ముద్ర సంగతి అలా కాదు. మన దేశంలో మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ అనే పథకం 1991 నుంచీ ఉంది. 2024లో దానికి కొత్త నిబంధనలు కూడా వచ్చాయి. అసలు ముద్ర కోసం పరీక్షలు చేయించుకునేవాళ్లు ఉండగా ఉత్తుత్తి ముద్ర వేసుకోవడం వాళ్లకీ అన్యాయమే.

మిగతా ఒక్కో మాటకీ ఒకటే ప్రశ్న వేశాం. ఈ సాయంత్రం కొనుగోలుదారు వచ్చి అడిగితే చేతిలో పెట్టగలిగిన కాగితం ఏది?

కుండీ సంగతి

ఎక్కువసేపు పట్టింది పీచు కుండీతోనే. పీచుని సూదుల యంత్రంతో షీట్‌గా అల్లి, సహజ రబ్బరు పాలు చల్లి, అచ్చులో పెట్టి వేడి మీద నొక్కితే కుండీ ఆకారం వస్తుంది. రబ్బరు పాలు చెట్టు నుంచి వచ్చినవే. కానీ అవి గట్టిపడి నిలబడాలంటే గంధకం, జింక్ ఆక్సైడ్, ఇంకొన్ని మందులు కలపాలి. ఆ మిశ్రమం డబ్బాల్లో తయారై వస్తుంది. కాబట్టి 'నూరు శాతం ప్రకృతి సహజం', 'రసాయన రహితం' రెండూ కుండీ మీద నిలబడవు. యజమానికి ఇది కొత్త విషయం కాదు, రోజూ ఆయన కళ్లముందు జరిగే పనే. ప్లాస్టిక్ కుండీతో పోల్చుకుని, దాని ముందు మనది సహజమే అనుకున్నారు. ఆ పోలిక ఆయన మనసులో ఉంది, లేబుల్ మీద లేదు. చదివేవాళ్లకి కనిపించేది 'నూరు శాతం' ఒక్కటే.

90 రోజుల మాట వేరే సరుకు పేజీ నుంచి ఎత్తుకొచ్చింది. కొబ్బరి పీచులో లిగ్నిన్ అనే, త్వరగా కుళ్లని గట్టి పదార్థం 40 శాతం పైగా ఉంటుంది. పీచు తాడు ఉప్పునీళ్లలో కూడా ఏళ్ల తరబడి ఆగేది అందుకే. నదీ గట్లు, రోడ్డు కట్టలు కోసుకుపోకుండా పీచు వలలు పరిచేదీ అందుకే. త్వరగా కుళ్లకపోవడమే దీని గొప్పతనం. అలాంటి వస్తువు మీద మూడు నెలల్లో మట్టైపోతుందని రాసుకోవడం అబద్ధమనే కాదు, సరుకు బలాన్ని దాచుకోవడం కూడా. కడియంలో తెలిసిన నర్సరీ ఆయన మళ్లలో కొన్ని కుండీలు మొక్కలతో సహా పాతించాం. సీజన్ ముగిశాక తవ్వి చూస్తే వేర్లు కుండీ గోడల్లోంచి చక్కగా బయటికి వచ్చాయి, కుండీ ఆకారం మాత్రం పోలేదు. లేబుల్ మీద ఇప్పుడున్న వాక్యం ఇది: 'కుండీతో సహా నేలలో నాటవచ్చు. వేర్లు గోడల్లోంచి బయటికి వస్తాయి. పీచు పూర్తిగా మట్టిలో కలవడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. పీచు విడిపోకుండా సహజ రబ్బరు పాలు, వాటిని గట్టిపరిచే పదార్థాలు వాడాం.'

ఇంత పొడుగు వాక్యం ఎవరు చదువుతారని డీలర్ ఒకాయన అన్నారు. మొక్కలు పెంచేవాళ్లు చదువుతారు. మందు డబ్బా వెనక రాసింది కూడా చదివే జనం వాళ్లు.

కోకోపీట్ మీద 'రసాయన రహితం' కూడా తీసేశాం. సముద్రానికి దగ్గరగా పెరిగే కొబ్బరి డొక్కలో ఉప్పు ఎక్కువ. పొట్టుని కడక్కుండా వాడితే నారు మాడిపోతుంది. కడిగి, ఈసీ అనే లవణాల కొలత 0.5 కంటే తగ్గిస్తే మంచి సరుకని మార్కెట్లో లెక్క. పాలీహౌస్ రైతులు అడిగే రకాన్ని అదనంగా కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెడతారు, సోడియం, పొటాషియం పోయి కాల్షియం పడుతుంది. అది ఎరువు, రసాయనమే. మామూలు రకానికీ చిక్కుంది. డొక్క ఎన్నో తోటల నుంచి వస్తుంది. నల్లికో, కొమ్ము పురుగుకో, తెల్లదోమకో ఎవరు వేరు ద్వారా మందు ఎక్కించారో, ఎవరు పిచికారీ చేశారో యూనిట్‌కి తెలియదు. తెలియని దాని మీద 'లేదు' అని రాయకూడదు. దాని బదులు ప్రతి బ్యాచ్ ఈసీ, పీహెచ్ కొలిచి దిమ్మె మీద రాస్తున్నారు. నర్సరీ వాళ్లకి కావలసిందీ ఆ అంకెలే.

'ఆర్గానిక్' అన్నది అన్నిటికంటే సులువుగా వాడే మాట, చట్టంలో అంత సులువైనది కాదు. సేంద్రియ పంటకి జాతీయ కార్యక్రమం ఎన్‌పీఓపీ కింద ధ్రువీకరణ ఉంది, రైతు బృందాలకి పీజీఎస్ ఇండియా ఉంది, ఆహారానికి జైవిక్ భారత్ గుర్తు ఉంది. కోకోపీట్ తినేది కాదు. దానికి కావాలంటే సేంద్రియ సాగులో వాడదగిన ఇన్‌పుట్‌గా ధ్రువీకరణ సంస్థ ఆమోదం తెచ్చుకోవచ్చు. అది వచ్చేదాకా ఆ మాట వాడొద్దన్నాను. అమ్మకాలు తగ్గుతాయని యజమాని భయపడ్డారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లు ఆ మాటతోనే వెతుకుతారు. అయినా ఒప్పుకున్నారు.

కవరు గురించి రెండు ముక్కలు. ప్లాస్టిక్ బదులు 'మట్టిలో కలిసే' కవర్లు ఇస్తామని ఒక సరఫరాదారు వచ్చాడు. ఐఎస్ 17088 ప్రకారం పరీక్ష, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ చూపించమన్నాం. కంపోస్టబుల్ ప్లాస్టిక్ అమ్మాలంటే ఆ రెండూ తప్పనిసరి. మళ్లీ రాలేదు. చివరికి మామూలు కవరే ఉంచి, దాని మీద 'ఇది ప్లాస్టిక్ కవరు, ప్లాస్టిక్ చెత్తలోనే వేయండి' అని రాయించాం. నర్సరీలకి వెళ్లే సరుకుకి కవరు తీసేసి టార్పాలిన్ కప్పి లారీలో పంపుతున్నారు.

కార్బన్ న్యూట్రల్ మాట ఒక్క నిమిషంలో పోయింది, యూనిట్ ఎంత కార్బన్ వదులుతోందో లెక్కే వేయలేదు కాబట్టి. సోలార్ మాట దగ్గర కరెంటు బిల్లులు ముందు పెట్టుకున్నాం. పలకలు పైకప్పు మీద ఉన్నాయి గానీ పీచు తీసే మోటార్లు రాత్రి షిఫ్టులో గ్రిడ్ కరెంటు మీదే తిరుగుతాయి, కరెంటు పోతే డీజిల్ జనరేటరు. 'పగటి కరెంటులో కొంత సోలార్' అని మార్చి, నెలనెలా బిల్లు ప్రకారం అది ఎంత శాతమో రాస్తున్నారు. పీట్ నేలల సంగతి యూరప్ తోటమాలికి చెప్పాల్సింది. పీట్ అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కలతో పేరుకున్న మట్టి, అక్కడ దాన్ని తవ్వి కుండీల్లో వాడతారు. హైదరాబాద్ మేడ మీద ఎర్రమట్టి, పశువుల ఎరువు వాడే మనిషి కోకోపీట్ కొన్నంత మాత్రాన ఏ పీట్ నేలనీ కాపాడినట్టు కాదు. నిజమైన మాటే అయినా తప్పు చోట చెబితే అది తప్పుదోవ పట్టించడమే.

నీళ్లు ఎక్కడికి పోతున్నాయి

లేబుల్ పని జరుగుతుండగానే యూనిట్ చుట్టూ తిరిగి చూశాను. పొట్టు కడిగిన నీళ్లు పక్కనున్న మురుగు కాలువలోకి పోతున్నాయి. ఆ రోజుల్లోనే దిగువన రొయ్యల చెరువున్న ఒక రైతు గేటు దగ్గర కలిశారు. "ఏవండీ, బోర్డు మీద పచ్చగా రాసుకున్నారు, బాగుందండి. మరి మా బోదెలోకొచ్చే నీళ్లు టీ డికాషన్‌లా ఉంటున్నాయేంటండీ?" అన్నారు.

వ్యాపారస్తులు ఆరోపణ అనగానే ఫోన్ వైపు చూస్తారు. డెల్టాలో మొదటి ఆరోపణ కాలువ దిగువ నుంచి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడ పంట కాలువతో నీళ్లొస్తాయి, మురుగు కాలువతో పోతాయి. ఒకరు వదిలింది ఇంకొకరి గట్టు దాటకుండా సముద్రం చేరదు. మీ సరుకు ఎంత పచ్చనిదో మీ వెబ్‌సైట్ చూసినవాళ్లకంటే మీ దిగువ రైతుకి బాగా తెలుసు. ఆయన ఒక ఫోటో తీసి మీ లేబుల్ పక్కన పెడితే చాలు, ఏ సర్టిఫికెట్టూ అడ్డుపడదు. పైగా ఆయనకి నష్టం నిజంగా జరుగుతుంటే ఆ ఫోటో పెట్టడం ఆయన హక్కు.

కొబ్బరి పొట్టు నీళ్లకి ఆ రంగు టానిన్లు, ఫినాల్ జాతి పదార్థాల వల్ల వస్తుంది. రంగుతోపాటు ఉప్పు, సన్నటి పొట్టు కూడా కొట్టుకుపోతాయి. కాలువలు పారే రోజుల్లో మురుగు కాలువలో నీళ్లెక్కువ కాబట్టి రంగు కనపడదు. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే కాస్త నీళ్లలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకే శాంపిల్ రెండు కాలాల్లోనూ తీయించాం, యూనిట్ పైనా, కిందా. పారేటప్పుడు ఒక్కసారి తీసి 'అంతా బాగుంది' అని కాగితం తెచ్చుకునే యూనిట్లు ఉన్నాయి. ఆ కాగితాన్ని వేసవిలో ఎవరైనా ప్రశ్నిస్తే పరువు పోతుంది. కాలువలాంటి ఉపరితల నీళ్లలోకి వదిలే వ్యర్థ జలానికి పర్యావరణ రక్షణ నిబంధనల్లోని సాధారణ ప్రమాణం లీటరుకి బీఓడీ 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250, తేలే ఘనపదార్థాలు 100. బీఓడీ, సీఓడీ అంటే నీళ్లలోని మురికికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలతలు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ ఇచ్చిన నివేదికలో ఈ యూనిట్ నీళ్లు వాటిని దాటి ఉన్నాయి.

ఇక్కడ యజమాని తీసుకున్న నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. నివేదిక చూశాక లేబుల్ మార్పుల్ని ఆపి, డబ్బు నీళ్ల పనికి మళ్లించారు. కడుగుడు తొట్లు వరసగా పెట్టి, రెండో కడుగుడు నీళ్లు తర్వాతి బ్యాచ్ మొదటి కడుగుడుకి వాడేలా చేశారు. వాడే నీళ్లే తగ్గాయి. మిగిలినవి రెండు గుంటల్లో నిలిపి, పొట్టు అడుక్కి దిగాక సొంత కొబ్బరి తోటకి పెడుతున్నారు. ఆ నీళ్లలో పొటాషియం, క్లోరైడ్ ఎక్కువ, కొబ్బరికి ఆ రెండూ కావాలి. సోడియం నేలలో పేరుకోకుండా మట్టి పరీక్ష మాత్రం క్రమం తప్పకుండా చేయించుకోవాలి. దానికీ ఒక ఫైలు పెట్టించాం. అనుమతి పత్రాల్లో నీళ్ల వాడకం గురించి రాసింది పాత పద్ధతి కాబట్టి, మార్పుని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలిపాం.

ఒకటి ఇంకా పూర్తి కాలేదు. వానాకాలంలో గుంటలు పొర్లుతాయి. భారీ వాన సూచన ఉన్న రోజుల్లో కడుగుడు ఆపేస్తున్నారు, ఆరుబయట పొట్టు కుప్పల మీద టార్పాలిన్ కప్పుతున్నారు. కుప్ప తడిసి కారే నీళ్లు కడుగుడు నీళ్లలాంటివే. తుపాను రోజుల్లో ఇది సరిపోదు, పైకప్పు వెయ్యాలి.

చట్టం ఏమంటోంది

2024 అక్టోబర్ 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పచ్చదనం పేరుతో చేసే తప్పుడు ప్రచారం మీద మార్గదర్శకాలు తెచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 15 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ నియమాలు కూడా అమల్లోకి వచ్చాయి. చిన్న యూనిట్లకి ముఖ్యమైనవి చెబుతాను. పర్యావరణ హితం, ప్రకృతి సహజం, ఆర్గానిక్ లాంటి మాటలు వాడితే ఏ విషయంలో, ఎంతవరకు అన్నది పక్కనే స్పష్టంగా ఉండాలి. మాట సరుకు మొత్తానికా, ఒక భాగానికా, కవరుకా, తయారీకా చెప్పాలి. రుజువులు క్యూఆర్ కోడ్ ద్వారానో, వెబ్ లింకు ద్వారానో కొనేవాళ్లకి అందుబాటులో ఉంచాలి. కంపోస్టబుల్, కార్బన్ న్యూట్రల్ లాంటి నిర్దిష్టమైన మాటలకి నమ్మదగిన ధ్రువీకరణ గానీ, శాస్త్రీయ ఆధారం గానీ, స్వతంత్ర పరిశీలన గానీ ఉండాలి. భవిష్యత్తులో ఇలా అవుతామని చెప్పాలంటే అక్కడికి చేరే ప్రణాళిక ఉండాలి. మంచిని పెద్దగా చూపించి చెడుని దాచడం కూడా దీని కిందికే వస్తుంది. కుండీ సహజమని చెప్పి, కడిగిన నీళ్ల గురించి మాట్లాడకపోవడం సరిగ్గా ఆ కోవలోదే.

తప్పుదోవ పట్టించే ప్రకటనకి చట్టం కింద జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉండొచ్చు. ఈ నియమాలు తయారీదారుకే కాదు, వ్యాపారికి, ప్రకటన ఏజెన్సీకి, సరుకుని మెచ్చుకుంటూ వీడియో చేసే వ్యక్తికి కూడా వర్తిస్తాయి. పోగుచేసినప్పుడు యూనిట్ రాయని మాటలు డీలర్ల పేజీల్లో కనపడ్డాయి. ఒక పేజీలో 'విషరహితం, పిల్లలకి సురక్షితం' అని ఉంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు డీలర్లకి ఇచ్చే ధరల పత్రం కింద ఒక షరతు ఉంది: సరుకు గురించి యూనిట్ ఇచ్చిన వాక్యాలే వాడాలి. నెలకోసారి యజమాని కూతురు ఆ పేజీలన్నీ తెరిచి చూస్తుంది. యూనిట్ సరుకు కొనే ఒక ఎగుమతిదారు కూడా కాగితాలు అడగడం మొదలుపెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో ఆధారం లేని సాధారణ పచ్చ మాటల్ని నిషేధించే ఆదేశం 2026 సెప్టెంబర్ 27 నుంచి అమలుకి రావాలి కాబట్టి, ఆ ప్రశ్నలు అక్కడి కొనుగోలుదారు నుంచి ఎగుమతిదారుకీ, ఆయన నుంచి కోనసీమకీ వస్తున్నాయి.

ఇన్ని చిక్కులుంటే అసలు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే పోలేదా అని యజమాని ఒక దశలో అన్నారు. చాలామంది ఆ దారే పడుతున్నారు, నాకది నచ్చదు. డొక్క కాల్చకుండా సరుకు చేస్తున్నామన్నది నిజం. ఆ నిజం చెప్పకపోతే ప్లాస్టిక్ కుండీకీ దీనికీ కొనేవాళ్లు తేడా ఎలా తెలుసుకుంటారు? తగ్గించాల్సింది మాటల వెడల్పు.

జవాబు ఎవరివ్వాలి

రుజువులన్నీ పెట్టిన పేజీని దిమ్మె మీది క్యూఆర్ కోడ్‌తో తెరవొచ్చు. తెలుగులో ఉంది. ఈసీ అంకెలు, నీళ్ల నివేదికలు, రబ్బరు పాల సరఫరాదారు ఇచ్చిన వివరాల పత్రం, సోలార్ లెక్క ఉన్నాయి. చివర్లో 'ఇంకా సరిచేయనివి' అన్న శీర్షిక కింద ప్లాస్టిక్ కవరు, వానాకాలం గుంటలు, డొక్క ఏ తోటదో తెలియకపోవడం ఉన్నాయి. ఆ శీర్షిక గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మన తప్పులు మనమే అచ్చేసుకుంటామా అన్నారు పెద్దాయన, యజమాని తండ్రి. "లేదు తాతయ్యా, రేపు ఎవరో అచ్చేస్తే అప్పుడు మనం దాచామంటారు" అంది మనవరాలు. పేజీ అలాగే ఉంది.

ఆరోపణ వచ్చిన రోజు ఏం చెయ్యాలో కూడా ముందే రాసుకున్నాం. జవాబు యజమాని పేరుతోనే వెళ్లాలి. రాసే ముందు కూతురు ఫైలు చూసి అంకె సరిచూడాలి. ఆరోపణ నిజమైతే మొదటి వాక్యంలోనే ఒప్పుకోవాలి. సగం నిజమైతే ఏ సగమో విడదీసి చెప్పాలి. పూర్తిగా అబద్ధమైతే కాగితం చూపించి, తిట్టకుండా ఆగాలి. ఎదుటివాళ్ల ఉద్దేశం గురించి ఒక్క మాట రాయకూడదు. ఎవరు చేయించారో, పోటీ యూనిట్ వాళ్లేమో అన్న ఊహ మొదటి గంటలోనే వస్తుంది, దాన్ని బయటపెట్టిన క్షణం నుంచి జనం సరుకు గురించి వదిలేసి మీ కోపం గురించి మాట్లాడుకుంటారు. లాయర్ నోటీసు అన్న ఆలోచనే వద్దన్నాను. ప్రశ్న అడిగిన కొనుగోలుదారుని భయపెట్టి గెలిచిన వ్యాపారం నేను చూడలేదు.

ఆరోపణ వచ్చింది

కొన్ని నెలల తర్వాత హైదరాబాద్ మిద్దెతోట గ్రూపులో ఒకావిడ తవ్వి తీసిన కుండీ ఫోటో పెట్టారు. 'మూడు నెలల్లో మట్టైపోతుందన్నారు. ఏడాది దాటింది. గీరితే లోపల రబ్బరు. ఇదేనా సహజం?' పాత లేబుల్ ఉన్న సరుకు అది. డీలర్ల దగ్గరున్న పాత సరుకు మీద కొత్త స్టిక్కర్లు అంటించారు గానీ, ఇళ్లలోకి చేరిపోయిన కుండీలు అలాగే ఉన్నాయి. చాలా యూనిట్లు కొత్త లేబుల్ అచ్చయ్యాక పాతది చచ్చిపోయిందనుకుంటాయి. అది అటక మీద, బాల్కనీలో బతికే ఉంటుంది.

అదే రోజు యజమాని ఆ గ్రూపులోనే రాసిన జవాబు ఇది:

'అమ్మా, ఫోటోలో ఉన్నది మా కుండీయే. 90 రోజులని రాసింది మేమే. ఆ మాటకి మా దగ్గర పరీక్ష లేదు, అందుకే తీసేశాం. మేము నేలలో పాతి చూసినప్పుడు కూడా సీజన్ ముగిశాక ఆకారం అలాగే ఉంది. మీరు గీరి చూసింది సహజ రబ్బరు పాలు, అందులో గంధకం, జింక్ ఆక్సైడ్ కలుపుతారు. వివరాలు ఈ లింకులో ఉన్నాయి. పాత లేబుల్ కుండీ ఎవరి దగ్గరున్నా ఫోటో పంపండి, డబ్బు తిరిగి వేస్తాం. కుండీ మీ దగ్గరే ఉంచుకోండి.'

ఆవిడ తృప్తి పడలేదు. గంధకం ఆకుకూరల మడిలో పరవాలేదా అని అడిగారు. ఆ ప్రశ్నకి ఫైల్లో జవాబు లేదు. ఊహించి చెప్పకుండా, పరీక్ష చేయిస్తామని, అప్పటిదాకా ఆకుకూరలకి ఈ కుండీ వాడమని మేము చెప్పబోమని రాశారు. కుండీ పదార్థాల మీద పరీక్ష కోసం అలప్పుజ దగ్గర కలవూరులో ఉన్న కాయిర్ బోర్డు పరిశోధన సంస్థకి రాశాం. గ్రూపులో ఇద్దరు ముగ్గురు 'రబ్బరు వాడితే అది పీచు కుండీ ఎలా అవుతుంది' అని పట్టుబట్టారు. వాళ్లు ఇక కొనరు. అందర్నీ ఒప్పించాలన్నది ఈ పని లక్ష్యం కాదని యజమానికి ముందే చెప్పాను. మిగతావాళ్లు పేజీ తెరిచారు, 'ఇంకా సరిచేయనివి' చదివి అక్కడి నుంచే కొత్త ప్రశ్నలు అడిగారు. వాటిలో ఒకటి మంచి సలహా: దిమ్మెని కవరు బదులు పీచు తాడుతో కట్టి, పాత గోనెసంచిలో పంపొచ్చు కదా అని. తడి తగిలితే దిమ్మె ఉబ్బుతుంది కాబట్టి వేసవి నెలల్లో మాత్రం ప్రయత్నించి చూస్తున్నారు.

డబ్బు వెనక్కి అడిగినవాళ్లకి ఇచ్చేశారు. రొయ్యల చెరువు రైతు నీళ్ల నివేదిక కాపీ అడిగి తీసుకున్నారు. ప్రతి వేసవిలో శాంపిల్ తీసేటప్పుడు తనకి చెప్పాలన్నారు, ఇప్పుడు చెబుతున్నారు, ఆయన ఎదురుగానే సీసాలు నింపుతారు. పొట్టు కుప్పల మీద పైకప్పుకి బ్యాంకు రుణం దరఖాస్తు వెళ్లింది. డొక్క కొన్నప్పుడే ఏ ఊరి తోటదో, వేరు మందు ఎప్పుడు ఎక్కించారో ఒలుపు మేస్త్రీని అడిగి పుస్తకంలో రాయడం మొదలైంది. సగం వరసలు ఖాళీగానే ఉంటున్నాయి, అవి నిండేదాకా 'రసాయన రహితం' మాట లేబుల్ మీదికి రాదు.